పదో అంతస్తు పైకప్పులో పాదాలు

సింగపూర్ టాంపినీస్‌లో మనవాళ్ళు ఒకరు మిక్సీ కొంటే మిగతావాళ్ళూ అదే కొంటారు. ఇన్సూరెన్సూ అంతే, పిల్లల ట్యూషనూ అంతే. అమెరికా పాస్‌పోర్టు పుచ్చుకుని ఇక్కడికొచ్చి స్థిరపడ్డ నాలుగు కుటుంబాలకు ఇంకో తద్దినం కూడా ఉంది. ఎక్కడున్నా సరే, ఏటా అమెరికాకు పన్ను లెక్క చెప్పుకోవాలి. అందుకు ఏ సాఫ్ట్‌వేర్ కొనాలో తేల్చే పెద్దరికం పదకొండో అంతస్తు ఉపేంద్రది. చాంగీ బిజినెస్ పార్కులో బ్యాంకుకు ప్రోగ్రాములు రాసే మనిషికి ఆ మాత్రం తెలియదా అని అందరికీ ధీమా. ఆయనకు ఇంకాస్త ఎక్కువ ధీమా.

ఉపేంద్రకు సిగ్గేస్తే నేలలోకి దిగుతాడు. కొందరికి చెమటలు పడతాయి, కొందరికి మాట తడబడుతుంది, ఈయన దిగుతాడు. పెళ్ళిచూపుల్లో చీలమండల దాకా దిగితే, పిల్లాడు సిగ్గరి, మంచివాడే అనుకుని లతనిచ్చి చేశారు. సింగపూర్ ఫ్లాట్లలో మాత్రం మన నేల ఇంకొకరి పైకప్పు. ఆయన దిగినప్పుడల్లా పాదాలు కింద పదో అంతస్తులో ఉండే రంగనాథ్ హాల్లో వేలాడేవి. రంగనాథ్ గబగబా ఫ్యాన్ ఆపి, పైకి ఫోన్ చేసేవాడు. "అన్నయ్యా, ఫ్యాన్ ఆపేశాను, కంగారుపడకండి!"

ఈమధ్య ఆ పాదాలు రోజూ కనిపిస్తున్నాయి. ఎందుకో రంగనాథ్ అడగలేదు. అడగడం మర్యాద కాదు.

సంగతేమిటంటే, కిందటేడు ఉపేంద్ర చవకలో వచ్చిందని అమెరికాలో కాపురముండేవాళ్ళ కోసం చేసిన సాఫ్ట్‌వేర్‌ని అందరిచేతా కొనిపించాడు. రంగనాథ్‌కు పన్నులంటే చచ్చేంత భయం. "మీరే కూర్చోండన్నయ్యా" అని కుర్చీ ఇచ్చి కాఫీ తేవడానికి వెళ్ళాడు. చిరునామా దగ్గర సాఫ్ట్‌వేర్ మొరాయించింది. సింగపూర్ పిన్‌కోడ్‌కు ఆరంకెలు, దానికి అయిదే కావాలి. నాకు తెలియదంటే పెద్దరికం ఏం కాను? పక్కనున్న పాత కాగితాల్లోంచి, రంగనాథ్ ఎప్పుడో ఖాళీ చేసిన న్యూజెర్సీ ఇంటి చిరునామా చూసి కొట్టేశాడు. కాఫీ వచ్చేసరికి పని పూర్తయింది.

ఈ ఏడాది మొదట్లో న్యూజెర్సీ పన్నులవాళ్ళ నుంచి రంగనాథ్‌కు తాఖీదు వచ్చింది. మీరు మా రాష్ట్రంలోనే ఉంటున్నారట, మా పన్ను ఏదీ అని.

"మీరు వెళ్ళాక నేనే ఏదో కెలికి ఉంటాను," అన్నాడు రంగనాథ్, మొహం వేలాడేసుకుని.

ఉపేంద్ర ఇంకో జంతిక అందుకున్నాడు. "చూసుకుని కొట్టాలి కదా రంగా!"

అనేశాడు! పైగా ఆ ఇంట్లోనే కూర్చుని, వాళ్ళు పెట్టిన జంతికలు తింటూ.

రంగనాథ్ బెంబేలెత్తిపోయాడు. సింగపూర్ పౌరసత్వం ఇస్తామని ఎప్పుడో కబురొచ్చింది గానీ, దానికి అమెరికాది వదులుకోవాలి. కూతురు శాలిని అక్కడే చదువుతోంది, ఎప్పటికైనా ముగ్గురం అక్కడే ఉండాలన్నది అతని భార్య అరుణశ్రీ ఆశ. అయినా, "చిరునామా కొట్టడం చేతకానివాణ్ణి, రేపు జైల్లో వేస్తారు" అని ఎంబసీలో అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు. సోమవారం వెళ్ళి ప్రమాణం చేసి అమెరికా పౌరసత్వం వదిలేసుకుంటాడు. చేస్తే ఇక వెనక్కి తీసుకోవడం ఉండదు. అరుణశ్రీ అతన్ని తిట్టి తిట్టి, చివరికి మాట్లాడటమే మానేసింది.

ముందురోజు ఆదివారం ఉపేంద్ర ఇంట్లో సభ. సాఫ్ట్‌వేర్‌తో తనకిక పనిలేదనుకుని రంగనాథ్ రాలేదు. లత అందరికీ పెసరట్లు పెట్టింది.

"ఈసారిది బయటి దేశాల్లో ఉండేవాళ్ళ కోసమే చేశారు," అన్నాడు ఉపేంద్ర. "ఆరంకెల పిన్‌కోడ్ తీసుకుంటుంది. ఇక్కడ కట్టిన పన్ను చూపించుకోవచ్చు. ఇండియాలో నాన్నగారితో కలిపి ఉన్న ఖాతాలు కూడా గుర్తుచేసి మరీ అడుగుతుంది."

"భేషుగ్గా ఉందండీ!" అన్నాడు ఆ నాలుగు కుటుంబాల్లో ఒకరైన పెద్దిరాజు. "పాపం, కిందటేడే దొరికుంటే రంగనాథ్... అయినా సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందిలెండి, అతను చూసుకోకుండా కొట్టుకుంటే!"

అందరూ నవ్వారు. ఉపేంద్ర మోకాళ్ళ దాకా దిగాడు. తర్వాత నడుము దాకా. లత వచ్చి, "ఆ పళ్ళెం ఇలా ఇవ్వండి, చట్నీ ఒలుకుతుంది," అని తీసుకుపోయింది. ఎప్పుడూ నడుము దగ్గర ఆగేవాడు, ఈసారి ఆగలేదు.

అప్పుడు కింద ఎవరో ఆయన రెండు పాదాలూ పట్టుకున్నారు. కిటికీలోంచి రంగనాథ్ గొంతు వినిపించింది. "అన్నయ్యా, భయపడకండి! స్టూలెక్కి పట్టుకున్నాను. పడనివ్వను!"

ఆ చేతులు వెచ్చగా ఉన్నాయి. తను ముంచినవాడు తన కాళ్ళు పట్టుకుని నిలబడ్డాడు. ఉపేంద్రకు ప్రాణం పోయినట్టయింది.

"వదిలెయ్ రంగా!" అని అరిచాడు. "ఆ చిరునామా కొట్టింది నేను! నువ్వు కాఫీ తేవడానికి వెళ్ళినప్పుడు నేనే కొట్టాను. తెలిసీ నీ మీదికి తోశాను!"

కింద చేతులు వదిలేశాయి. ఉపేంద్ర జారి రంగనాథ్ హాల్లో, ఎంబసీకని ఇస్త్రీ చేసిపెట్టిన చొక్కా పక్కన పడ్డాడు.

వంటింటి గుమ్మంలో అరుణశ్రీ నిలబడి ఉంది. అంతా విన్నది. ఉపేంద్ర వైపు చూడనైనా లేదు. నెలల తరబడి ఎవరిని పనికిమాలినవాడివని తిట్టిందో ఆ మొగుడి దగ్గరికెళ్ళి, ఏడుస్తూ అతని భుజం మీద తల పెట్టింది.

"రేపు వెళ్ళనులే," అన్నాడు రంగనాథ్ ఆమెతో. "ఆ తాఖీదుకు జవాబు రాద్దాం. మనం ఇక్కడున్నట్టు రుజువులున్నాయిగా."

ఉపేంద్ర లేచి నిలబడ్డాడు. "రంగా..." అన్నాడు.

రంగనాథ్ వెళ్ళి తలుపు తీశాడు. కోపంగా కాదు, కొత్తవాళ్ళకు తీసినట్టు మర్యాదగా తీశాడు.

"వెళ్ళిరండి ఉపేంద్రగారూ."

పన్నెండేళ్ళ స్నేహంలో అతని నోట తన పేరు వినడం అదే మొదలు. ఇంకో అంతస్తు కిందికి, ఇంకా కిందికి పోతే బాగుండునని ఉపేంద్ర కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. నేల కదల్లేదు. చెప్పుల్లేని కాళ్ళతో నడిచి, గడప దాటి, పైకెళ్ళే లిఫ్టు కోసం నిలబడ్డాడు.