సరిసమానంగా సర్దిన డబ్బాలు

నేను ఒక ప్లాస్టిక్ డబ్బాని. సొంత డబ్బా కొట్టుకోవడానికి నీలో ఏముందని అడగకండి. చెబితే ముక్కు మూసుకుంటారు. అచ్చులోంచి ఊడిపడ్డప్పుడు తేనెకో నేతికో పనికొస్తాననుకున్నాను. మూతకి బుల్లి చెంచా తగిలించగానే ఆశ రెట్టింపయింది. ఆ చెంచా దేనికో తెలిశాక నా మూత పడిపోయింది.

డాక్టర్ హైమవతి మమ్మల్ని కవలలున్న ఇళ్లకు పంపింది. పసిపిల్లల పేగుల్లో కాపురముండే సూక్ష్మజీవులు కన్నవాళ్ల జన్యువులను బట్టి చేరతాయా, తాగే పాలను బట్టి చేరతాయా అన్నది ఆవిడ పరిశోధన. నేనూ నా జత డబ్బా మండపేటలో నిర్మల ఇంటికి వెళ్లాం. మలం కోసం నిర్మల ఇంటికి! నా మీద ఆడపిల్ల హంసిని పేరు, నా జత మీద మగపిల్లాడు హర్షిత్ పేరు రాశారు. పిల్లాడికి తల్లిపాలు, పిల్లకి డబ్బాపాలు. పిల్ల ఒకటే ఏడుపు.

"దాని పొట్టే అంత! వాళ్లమ్మ పుట్టింటోళ్లందరిదీ అదే పొట్ట" అనేది నాయనమ్మ వరహాలమ్మ. నిర్మల తల దించుకునేది.

నెల తిరిగేసరికి ప్రయోగశాలలో పిడుగు పడింది. రెండు డబ్బాల్లోనూ అవే సూక్ష్మజీవులు, అవే పాళ్లు! హైమవతి కుర్చీలోంచి ఎగిరి లేచింది.

"పాలు ఏవైతేనేం, పెత్తనమంతా జన్యువులదే!"

మరుక్షణమే కూలబడింది. అచ్చుగుద్దినట్టుండే కవలల్లో కూడా ఇంత పోలిక ఉండదే! మమ్మల్ని ఐసుపెట్టెలో పెట్టుకుని మండపేట పరిగెత్తింది.

"అమ్మా, ఏ డబ్బాలో ఎవరిది పెట్టారు?"

"ఎవరిదేంటండీ డాట్రుగారూ!" అంది వరహాలమ్మ. "ఆవేళ పిల్ల వెళ్లలేదు. మీ మనిషేమో గుమ్మంలో నిలబడిపోయింది. పిల్లాడిదే తీసి రెండిట్లోనూ సర్దేశాను. కవలలకి ఏదైనా సరిసమానంగా పంచాలి కదండీ!"

నేను నిలువునా బిగుసుకుపోయాను. నెల్లాళ్లుగా ఆడపిల్ల పేరు మోస్తూ మగపిల్లాడిది మోశానా!

హైమవతి అప్పటికే పిల్ల పొట్ట తడుముతోంది. బండలా ఉంది.

"ఎన్నాళ్లైంది వెళ్లి?"

"అయిదు రోజులండీ."

"పాలు ఎలా కలుపుతున్నారు?"

వరహాలమ్మ గర్వంగా చూపించింది. ఒక చెంచా పాలపొడి వెయ్యాల్సిన నీళ్లలో గోపురంలా రెండు. "బలం పడుతుందనండీ!"

"బలం కాదమ్మా, ప్రాణం మీదికొస్తుంది! తల్లిపాలు దీనికెందుకు పట్టలేదు?"

"మగపిల్లాడు కదండీ... ముందు వాడి కడుపు నిండాలని..."

పాలు పంచని చేత్తో వరహాలమ్మ పంచింది ఏమిటో అందరికీ ఒక్కసారే అర్థమైంది.

"జన్యువుల మాట కొంత ఉంటుందండీ," అంది హైమవతి, అందరికీ వినబడేలా. "ఈ వయసులో పాల మాట ఇంకా పెద్దది. ఈ పిల్ల పొట్ట బిగిసింది వాళ్లమ్మ పుట్టింటి వల్ల కాదు, మీ చెంచా వల్ల. నేనూ ఏం తక్కువ తినలేదు. పిల్లాడి డబ్బా చూసి పిల్లకి తీర్పు చెప్పబోయాను. పదండి ఆస్పత్రికి!"

నిర్మల తలెత్తింది. "అత్తయ్యా, పిల్లని ఇటివ్వండి."

ఆస్పత్రిలో నాకోసం చెత్త వేసే పసుపు సంచి, దాని వెనక ఆ చెత్తని కాల్చే కొలిమి కాచుకుని ఉన్నాయి. కారులో ఐసుపెట్టెలోంచి వింటున్నాను. హంసిని తల్లి ఒళ్లో పాలు గుటకలు వేస్తోంది. నాయనమ్మ ఒళ్లో హర్షిత్ గుక్కపట్టి ఏడుస్తున్నాడు, పుట్టాక మొదటిసారి తన వంతు కోసం.