మధ్య నుంచి బిగించాలి

శుక్రవారం మధ్యాహ్నం వ్యాను ఇంటి ముందుకొచ్చిన తీరు చూడగానే అత్తకు సంగతి అర్థమైంది. అది ఆగింది అనడం కన్నా చతికిలబడింది అనడం సబబు. ముందు భాగమంతా చలిజ్వరం పట్టినట్టు వణికింది, సన్నగా ఈల వేసింది, ఆపైన నోరు మూసుకుంది. కోడలు దిగి తలుపు మెల్లగా వేసింది. కోపం వస్తే ఆ పిల్ల తలుపులు మెల్లగా వేస్తుంది.

అత్త కుట్టుమిషను ముందు నుంచి లేవలేదు. బడిపిల్లల స్కర్టులు కుట్టడం ఆవిడ పని. ముప్పయ్యేళ్లుగా అదే గది, అదే కిటికీ. కొడుకు పోయిన ఈ తొమ్మిది నెలల్లో ఆ కిటికీలోంచి వ్యాను చూడటమే తప్ప, దగ్గరికి వెళ్లి ముట్టుకున్నది లేదు. వాడు పిల్లల్ని బడికి దింపిన బండి అది. వాడు పోయాక కోడలు లైసెన్సు తెచ్చుకుని అదే దారిన, అదే పిల్లల్ని ఎక్కించుకోవడం మొదలుపెట్టింది. అత్త ఔననలేదు, కాదనలేదు.

సాయంత్రం మెకానిక్ వచ్చాడు. అందరూ చెవి మేస్త్రి అంటారు. స్క్రూడ్రైవరు ఒక కొన ఇంజనుకూ, ఇంకో కొన చెవికీ ఆనించి రోగం చెబుతాడు. మెచ్చుకోలు మాత్రం ఆయన నోట విన్న భాగ్యవంతులు ఇంతవరకూ లేరు. నడుస్తున్న ఇంజను మీద ఒకచోట కాసిని నీళ్లు చిలకరించాడు. వణుకు ఒక్క క్షణం తగ్గి, మళ్లీ మొదలైంది.

"మ్యానిఫోల్డు చిట్లింది," అన్నాడు. "గాలిని నాలుగు సిలిండర్లకీ పంచే గొట్టాల గుత్తి ఇది. ప్లాస్టిక్కు కదా, వేడికి పెళుసెక్కింది. లోపలికి దొంగగాలి పోతోంది."

"అతికిస్తే ఆగదా బాబాయ్?" అంది కోడలు.

"వారం ఆగుతుంది. ఆ తర్వాత నన్ను తిట్టుకుంటూ వస్తావు. కొత్తది వేయించు."

కొత్తదాని ధర చెప్పాడు. కోడలికి నవ్వొచ్చింది. "ఇంకాస్త వేస్తే బండే వస్తుంది కదా!"

"మరి ఇది అమ్మెయ్."

"అమ్మి ఏం తోలను? సోమవారం ఏడున్నరకి బడి గేటు దగ్గర బండి లేకపోతే రూటు వేరేవాళ్లకి ఇచ్చేస్తామని చెప్పేశారు. ఈ నెల్లో ఇప్పటికే రెండుసార్లు ఆలస్యమైంది."

"నీ ఇష్టం తల్లీ. తుక్కు సామాను తెచ్చి వేసుకుంటే మాత్రం నన్ను పిలవకు. రేపు మాట పడేది నేను."

శనివారం పొద్దున కోడలు గుమ్మంలో నిలబడింది. "అత్తయ్యా, మీ స్టీలు స్కేలు ఒకసారి ఇస్తారా?"

"ఎందుకు?"

"తుక్కు యార్డులో మ్యానిఫోల్డులు ఉన్నాయట. ఇంజనుకి ఆనే మూతి వంకర పోయిందో లేదో చూసుకోవాలి."

అత్త స్కేలు ఇచ్చింది. దాన్ని ఇంతవరకూ ఇంకొకరి చేతికి ఇచ్చి ఎరగదు.

మధ్యాహ్నానికి కోడలు ముఖమంతా మసి పూసుకుని, చంకలో గొట్టాల గుత్తితో దిగింది. "ఆ యార్డాయన 'ఏమ్మా, జాకెట్టు కొలతలు తీస్తున్నావా' అని నవ్వాడత్తయ్యా. మొదటి రెండిట్లో స్కేలు కింద వెలుతురు కనబడింది. అవతల పారేశాను. ఇది చూడండి." కొత్తదాని ఖరీదులో ఆరో వంతుకి వచ్చింది. మధ్యలో పెట్టే రబ్బరు ప్యాకింగు మాత్రం కొత్తదే కొంది. దాని దగ్గర కక్కుర్తి పడలేదు.

ఆదివారం పొద్దున్నే పని మొదలైంది. అత్త మిషను తొక్కుతూనే ఒక కన్ను కిటికీలో పెట్టింది. కోడలు ముందు పెట్రోలు పంపు ఫ్యూజు తీసి, ఇంజను దానంతట అది ఆగేదాకా నడిపింది. బ్యాటరీ తీగ విప్పింది. ఒక అట్టముక్క మీద ఇంజను బొమ్మ గీసి, ఏ బోల్టు విప్పితే దాన్ని ఆ చోటే అట్టకు గుచ్చింది. ఊడదీసిన ప్రతి పైపుకూ కాగితం చుట్టి అంకె వేసింది. పిల్లకి తొందర లేదు. చేతిలో వస్తువు ఎక్కడ పెట్టిందో వెతుక్కోవడం లేదు. ఇలాంటి మనిషి నా దగ్గర పని నేర్చుకుని ఉంటే, అనుకుంది అత్త. ఆ అనుకోవడంలో గర్వం తొంగిచూసేసరికి దారం తెగింది.

పాతది ఊడి వచ్చాక కోడలు కిటికీ దగ్గరికి వచ్చి, ఇంజను రంధ్రాల్లో ఏమీ పడకుండా కుక్కడానికి నాలుగు గుడ్డపీలికలు అడిగింది.

"నాలుగిస్తున్నాను. నాలుగూ నాకు తిరిగి రావాలి," అంది అత్త.

నాలుగూ తిరిగొచ్చాయి. మధ్యాహ్నం రెండు దాటాక సెల్ఫు కొట్టిన చప్పుడు వినబడింది. ఇంజను అందుకుంది. దాని వెనకే, కాస్త సన్నబడిందే గానీ, అదే ఈల.

కోడలు ఇంజను ఆపి మెట్టు మీద కూర్చుంది. చాలాసేపు చేతులు చూసుకుంది. "అమ్మేద్దాం అత్తయ్యా," అంది, కిటికీ వైపు తిరక్కుండానే. "నావల్ల కాలేదు."

మిషను ఆగింది. అత్త చెప్పులు వేసుకుని బయటికి వచ్చింది. వ్యాను ముందు నిలబడి, లోపలికి వంగి, అట్ట మీది బొమ్మ చూసి, మళ్లీ ఇంజను చూసింది.

"ఏ బోల్టు ముందు బిగించావు?"

"ఎడమ చివరిది. అక్కణ్నుంచి వరసగా వచ్చాను."

"ఒక్కోటీ పూర్తిగా?"

"పూర్తిగానే. ఫోన్లో నేను చూసి నేర్చుకున్న వీడియోలో అతను ఆ ముక్క చూపించలేదు. బిగించేశాం అన్నాడంతే."

"స్కర్టుకి నడుంపట్టీ ఇలాగే వేస్తావా నువ్వు?"

"నాకు నడుంపట్టీ వెయ్యడం రాదు కదా అత్తయ్యా."

"అదే కనబడుతోంది. ఒక కొస నుంచి లాక్కుంటూ పోతే మిగిలిన గుడ్డంతా ఎక్కడికి పోతుంది? అవతలి కొసకి పోయి ఉబ్బుతుంది. నీ ఈల ఎటువైపు?"

"కుడి చివర," అంది కోడలు.

"విప్పు."

విప్పి చూస్తే, ప్యాకింగు కుడివైపు కాస్త పక్కకు జరిగి నలిగింది. తెగలేదు. ఆదివారం ఇంకోటి దొరకదు గనక దాన్నే తుడిచి, గాడిలో సరిగ్గా కూర్చోబెట్టారు.

"అన్నీ వేలితో తిప్పి వదిలెయ్. కచ్చాకుట్టు అనుకో. ఇప్పుడు మధ్యది. చాలు, చాలు, సగమే! ప్లాస్టిక్కు మీద నీ బలం చూపించకు. ఇప్పుడు దీని పక్కది. ఇప్పుడు అటుపక్కది."

అలా మధ్య నుంచి చివరలకు మూడు విడతలు వచ్చారు. మూడో విడత పానా అత్త చేతిలోనే ఉంది. ఎప్పుడు అందుకుందో ఆవిడకే తెలియదు.

సెల్ఫు కొట్టారు. ఇంజను అందుకుని, ఒకసారి గొంతు సవరించుకుని, సమంగా తిరిగింది. ఈల లేదు. అత్త బానెట్ అంచు మీద అరచెయ్యి ఆనించింది. వణుకు లేదు. చెయ్యి అక్కడే ఉంచి ముఖం పక్కకు తిప్పుకుంది. కోడలు గబగబా అట్ట సర్దుతూ, చూడనట్టే ఉండిపోయింది.

పొద్దు వాలుతుండగా చెవి మేస్త్రి అటుగా వచ్చాడు. ఎవరూ పిలవలేదు. స్క్రూడ్రైవరు చెవికి ఆనించి నాలుగు చోట్ల విన్నాడు. మళ్లీ మొదటి చోటికే వచ్చి విన్నాడు.

"ఎవరు బిగించారు?"

"ఏం మేస్త్రీ, ఏమన్నా లోపమా?" అంది అత్త.

"లోపముంటే చెప్పేవాణ్నే కదక్కా." స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాడు. "నా షెడ్డులో ఇద్దరు కుర్రాళ్లున్నారు. పంపిస్తాను, కాస్త చూపించండి."

కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "రేపు కుదరదు. వచ్చే ఆదివారం పంపు," అంది అత్త.

సోమవారం ఏడు కాకముందే అత్త వ్యాను ముందు సీటులో కూర్చుని ఉంది. కోడలు తాళం చేతిలో పట్టుకుని ఆవిడ వైపు చూసింది. ఆవిడే చెప్పింది. "దారిలో ఆగితే తొయ్యడానికి ఒక మనిషి ఉండాలిగా."

దారిలో ఆగలేదు. ఎత్తు ఎక్కేటప్పుడు కూడా గుక్క తిప్పుకోలేదు. పదకొండు మంది పిల్లలు ఎక్కారు. ఏడు ఇరవై ఆరుకి గేటు ముందు నిలబడ్డారు. బడి గుమాస్తా పుస్తకంలో సమయం రాసుకుని, కిటికీలోంచి తొంగి చూశాడు.

"బండి బాగైందే! ఎవరు చేశారు?"

"ఇంజను దించింది, ఎక్కించింది అంతా ఈ పిల్లే," అంది అత్త, వెనక సీట్ల పిల్లలకు కూడా వినబడేట్టు.

"ఇంజను దించలేదత్తయ్యా..."

"నువ్వూరుకో."

గుమాస్తా నవ్వాడు. కొత్తవాడు, ఆవిడను ఎరగడు. "మీరెవరమ్మా?"

"డ్రైవరు తల్లిని" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. కుట్టిన స్కర్టులు ఇవ్వడానికి వచ్చినప్పుడల్లా, పదకొండేళ్లు ఆ గేటు దగ్గర ఆవిడ చెప్పిన మాట అదే. పైట సర్దుకుంది.

"డ్రైవరుగారి అత్తగార్ని," అంది.