భుజాల మీద ఆవిరి

నేను అక్షరాలు దిద్దింది ముసలితనంలో. తప్పులుంటే మన్నించండి. ఒక్కో మాట రాయడానికి చాలాసేపు పడుతుంది, అందుకే అవసరమైనంతే రాస్తాను.

మా ఆయన సబ్రి పహిల్వాను. తోలు లాగు తొడిగి, ఒళ్లంతా నూనె పోసుకుని బరిలోకి దిగితే ఆయనకు లోకం గుర్తుండేది కాదు. నలభై దాటాక కష్టం వచ్చింది. మొదటి పట్టులోనే తొడలు మండి రాళ్లయిపోయేవి, ఊపిరి అందేది కాదు. వరుసగా రెండు వసంతాలు, ఊరి కుస్తీ ఉత్సవంలో, మనుషులు చంకల్లో చేతులు వేసి ఆయన్ని బయటికి మోసుకొచ్చారు. రెండోసారి ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"ఇంకోసారి నన్ను మోశారంటే, ఈ లాగు కొట్టంలో మేకుకి తగిలించేస్తాను నజ్మియె" అన్నాడు.

కుస్తీ లేని సబ్రి ఎలా ఉంటాడో నాకు ఊహకందలేదు.

కట్టెలు కొట్టేటప్పుడు ఆ తొడలకు ఏమీ అయ్యేది కాదు. చిన్న కొమ్మలతో మొదలుపెట్టి, మెల్లగా మొద్దుల దాకా వెళ్లేవాడు. బరిలోనూ మొదట అంతే. డోలూ సన్నాయీ మోగుతుంటే పహిల్వాన్లందరూ చేతులు ఊపుతూ, మోకాలు వంచి నేలను తాకుతూ తిరుగుతారు. అప్పుడు మా ఆయన భుజాల మీంచి ఆవిరి లేచేది. ఆడవాళ్లతో ట్రాక్టరు తొట్టిలో కూర్చుని చూసేదాన్ని. ఆ వెంటనే ఉత్సవం పెట్టించే పెద్దమనిషి, ఆగా, ఉపన్యాసం మొదలుపెట్టేవాడు. ఆయన తన పొట్టేళ్ల సంగతీ, తాతగారి సంగతీ చెప్పి ముగించేలోపు ఆవిరి ఆగిపోయేది.

"ఒళ్లు చల్లారాక పట్టుకి దిగుతున్నావయ్యా" అన్నాను.

"నేనేమన్నా నీ రొట్టెల పెనాన్నా, వేడెక్కించి పెట్టడానికి?" అని నవ్వేశాడు.

ఆ మూడో వసంతం, వాన వెలిసి గాలి కోసేస్తోంది. చేతులు ఊపుతూ తిరగడం అయింది. ఆగా మొదలుపెట్టాడు. సబ్రి భుజాల మీద ఆవిరి పలచబడింది. ఆయన జోడీ బాబాయెస్కి నుంచి వచ్చిన కుర్రవాడు. వాడి వయసుకి చలి ఒక లెక్క కాదు. నేను తొట్టిలోంచి దూకాను.

"ఎక్కడికే? మగాళ్ల మధ్యకి!" అని ఆడవాళ్లు అరిచారు.

డోలు ఫిక్రెత్ సిగరెట్టు కాల్చుకుంటూ నిలబడ్డాడు.

"వాయించు ఫిక్రెత్."

"ఆగా మాట్లాడుతున్నాడు వదినా. డోలుతోపాటు నా బుర్రా పగలగొడతాడు."

"మీ ఆవిడకి పురుడు పోసిందెవరు?"

"ఇదిగో, ఎప్పుడూ అదే ఎత్తుతావు!" అంటూనే సిగరెట్టు పారేసి కర్ర ఎత్తాడు.

డోలు మోగితే మా పహిల్వాన్లు నిలబడలేరు. ఒకరి తర్వాత ఒకరు చేతులు లేపారు. "ఎవడ్రా అది?" అని ఆగా గర్జించాడు. కాసేపటికి ఆయన భుజాలూ ఊగడం మొదలెట్టాయి. ఆయనా ఒకప్పుడు పహిల్వానే కదా. "సరే, పొట్టేళ్ల సంగతి తర్వాత!" అన్నాడు. జనం గొల్లున నవ్వారు. సబ్రి తల తిప్పి, డోలు పక్కన నన్ను చూశాడు. మళ్లీ ఆవిరి లేచింది. అది ఆగకముందే జోడీలు పట్టుకి దిగారు.

ఈసారి తొడలు బిగుసుకోలేదు. మిగతా జోడీలన్నిటి గెలుపోటములూ తేలిపోయినా వీళ్లిద్దరూ ఇంకా పెనుగులాడుతూనే ఉన్నారు. చివరికి ఆ కుర్రవాడు మా ఆయన్ని అమాంతం ఎత్తి, మూడడుగులు వేసి దించాడు. మా కుస్తీలో అలా మోసినవాడు గెలిచినట్టే. దించగానే వంగి సబ్రి చేతిని ముద్దు పెట్టుకున్నాడు.

మా ఆయన తన కాళ్లతో తాను నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"ఏమే, మళ్లీ మోశారుగా. లాగు మేకుకి తగిలించెయ్యనా?"

"నిన్ను మోసింది గెలిచినవాడయ్యా. అది లెక్కలోకి రాదు."

నూనె చేత్తోనే నా తలగుడ్డ సర్దాడు. ఆ మరక ఎన్ని ఉతుకులకూ పోలేదు.

మా అమ్మాయి గుల్తెన్ ఇప్పుడు బడిలో వ్యాయామం నేర్పుతుంది. వేడెక్కిన కండకి రక్తం త్వరగా వచ్చి, గాలి వెంటనే అందుతుందట. చల్లటి కండ మొదట్లో గాలి చాలకుండానే పని చెయ్యాలట. అప్పుడు లోపల పులుపు చేరి మంట పుడుతుందట. తడి కట్టె సరిగా మండక పొగ కక్కినట్టన్నమాట అనుకున్నాను.

సబ్రి ఆ తర్వాత చాలా వసంతాలు బరిలోకి దిగాడు. మంచాన పడ్డ చివరి చలికాలంలో, లేచి పొయ్యి దాకా రావాలంటే ముందు రెండు చేతులూ మెల్లగా ఊపేవాడు. నేను పెనం మీద గరిటెతో డోలు వాయించేదాన్ని. అప్పుడు లేచేవాడు.

నజ్మియె, డెబ్బై నాలుగేళ్లు. ఇప్పుడు లూలెబుర్గాజ్‌లో, గుల్తెన్ ఇంట్లో ఉంటున్నాను.