పెళ్ళికని దాచిన కళ్ళద్దాలు

ఊళ్ళో సగం మందికి చూపు సరిచేసిన కళ్ళద్దాల షాపాయన తన కళ్ళు మాత్రం ఏళ్ళ తరబడి పరీక్ష చేసుకోలేదు. ఎవరైనా అడిగితే "నా కళ్ళకేం, నిక్షేపంలా ఉన్నాయి" అని, అడిగిన మనిషి పక్కనున్న స్టాండుకి చెప్పేవాడు.

ఆఖరికి భార్య పోరు పడలేక కళ్ళు పరీక్ష చేసుకుని కొత్త జత చేయించుకున్నాడు. మంచి ఫ్రేము, మంచి అద్దాలు. అంత మంచివి రోజూ పెట్టుకుంటే పాడైపోవూ? ఏదైనా పెళ్ళికి పెట్టుకుందామని బీరువాలో దాచి, పాతవే పెట్టుకు తిరిగాడు. ఆ తర్వాత పెళ్ళిళ్ళు చాలానే అయ్యాయి గానీ, ఆ కళ్ళద్దాలకి తగ్గ పెళ్ళి ఒక్కటీ తగల్లేదు. వాళ్ళింట్లో సోఫాకి కూడా కొన్నప్పటి ప్లాస్టిక్ కవరు ఇంకా అలాగే ఉంది. చుట్టాలు కూర్చున్నప్పుడల్లా కరకరమంటుంది.

అలాంటి మనిషి కొండెక్కుతానని నోరు జారడానికి కారణం బావమరిది. ఆ బావమరిదికి కొండల పిచ్చి. ఎవరూ పోని శిఖరం మీద ఒక డబ్బా దాచి, అదెక్కడుందో ఫోన్‌లో లోకమంతటికీ చెప్పే రకం. ఆ గుర్తులు పట్టుకుని ఎక్కినవాళ్ళు డబ్బాలోంచి ఒక వస్తువు తీసుకుని, తమదొకటి పెట్టి రావాలి. దాన్ని ఆట అంటారట.

"బావా, నీకోసం సగం దారిలో ఇంకో డబ్బా పెట్టనా?" అన్నాడు భోజనాల దగ్గర.

అందరూ నవ్వారు. షాపాయన భార్య అయితే పొలమారేదాకా నవ్వింది. గిటారు, ఈత, పొద్దున్నే లేవడం, ఆయన సగంలో వదిలేసినవన్నీ దగ్గరుండి చూసిన మనిషి మరి. ఆ నవ్వు ఆయనకి లోపలెక్కడో గుచ్చుకుంది. శిఖరం మీది డబ్బా దాకా ఎక్కుతానన్నాడు. ఈ ఒక్కటీ చివరిదాకా వెళ్ళి తీరాలి. చూడ్డానికి ఆవిడ కూడా రావాలి.

"ఆ డబ్బాలో పెట్టడానికి ఇంట్లో వాడనిదేదైనా ఉంటే సంచిలో పడెయ్" అన్నాడు భార్యతో, బయల్దేరే ముందు.

చెట్లున్నంతవరకూ దారి ఉంది. చెట్లు అయిపోయాక దారి కూడా అయిపోయి, ఉత్త రాయి మిగిలింది. చేత్తో పట్టు దొరికించుకుని, కాలు మోపి, ఒళ్ళంతా రాతికి అంటించి పాకాలి. ఆశ్చర్యంగా షాపాయన బల్లిలా ఎక్కేస్తున్నాడు.

"ఏవండీ, కిందకి మాత్రం చూడకండి" అంది వెనక నుంచి భార్య.

"చూశాలే. ఏముందీ, అంతా మబ్బుగా ఉంది."

ఆవిడ ఆకాశం వంక చూసింది. మచ్చుకి కూడా మబ్బు లేదు. రాయిని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

శిఖరం మీద పేర్చిన రాళ్ళ కింద డబ్బా దొరికింది. తుప్పు పట్టిన బిస్కెట్ల డబ్బా. లోపల ఒక విజిల్, రెండు గోళీలు, ఎవరిదో చొక్కా గుండీ. షాపాయన గర్వంగా చెయ్యి చాపాడు. భార్య సంచిలోంచి ఒక పెట్టె తీసి ఆ చేతిలో పెట్టింది.

"ఇదేంటి? ఇవి నా కొత్త కళ్ళద్దాలు!"

"వాడనిదేదైనా అన్నారుగా. ఇంట్లో అంతకంటే వాడనిది నాకు కనపడలేదు."

"సోఫా లేదూ?"

"మోసుకొచ్చేవారా?"

వదిలేసే ముందు ఒక్కసారైనా పెట్టుకుందామని, పాతవి తీసి జేబులో వేసుకుని, కొత్తవి పెట్టుకున్నాడు.

ఇంతసేపూ ఆకాశం అనుకున్నది ఆకాశం కాదు. కొండలు. వాటి వెనక కొండలు. నీలం, ఇంకాస్త లేత నీలం, ఆ వెనక నీలమో కాదో చెప్పలేని రంగు, దాని అంచున తెల్లటి మంచు. కాళ్ళ కింద ఎక్కడో ఒక గద్ద తిరుగుతోంది. దాని నీడ ఇంకా కిందన, వాలు మీద వేరేగా తిరుగుతోంది. లోయలో ఏరు, ఎండకి వెలుగుతున్న దారప్పోగు. షాపులో గోడ మీది అక్షరాలకి ఆఖరి వరుస ఉంటుంది. ఇక్కడ ఆఖరి వరుస కోసం వెతికేకొద్దీ వెనక ఇంకో వరుస లేస్తోంది. ఆయనకి ఊపిరి తీసుకోవడం కూడా చప్పుడనిపించింది.

"ఇవన్నీ ఎప్పట్నించీ ఉన్నాయే?" అన్నాడు.

"మీరు షాపు తెరవకముందు నుంచీ."

అప్పుడు వెనక్కి తిరిగి, తాము ఎక్కి వచ్చిన వైపు చూశాడు. చటుక్కున కింద కూర్చుండిపోయాడు.

"మనం ఇటునుంచా వచ్చాం?"

"ఇటునుంచే."

"నన్నెందుకు రానిచ్చావ్?"

"మబ్బుగా ఉందన్నారుగా!"

చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. పాతవి పెట్టుకుంటే ఆ లోయ మళ్ళీ మబ్బైపోతుంది. భయం ఉండదు. కొత్తవి గీత పడకుండా ఇంటికి చేరతాయి కూడా. భార్య ఆ చేతి వంకే చూస్తోంది. ఈసారి నవ్వలేదు.

పాత కళ్ళద్దాలు బయటికి తీశాడు. చొక్కాతో తుడిచాడు. బిస్కెట్ల డబ్బాలో గోళీల పక్కన పెట్టి మూత నొక్కి, పైన రాళ్ళు పేర్చాడు. విజిల్ ఆవిడకిచ్చాడు.

ఎక్కేటప్పుడు బల్లిలా ఎక్కిన మనిషి దిగేటప్పుడు పసిపిల్లాడిలా కూర్చుని జరుగుతూ దిగాడు. కొంత దిగాక రాతిని కరుచుకుని ఉండిపోయాడు. కింది నుంచి విజిల్ మోగింది.

"ఏవండీ, సగంలో ఆగిపోయారేం?"

"ఆగలేదే" అన్నాడు, తల దూరపు కొండల వైపే ఉంచి. "చూస్తున్నాను."

ఆవిడ విజిల్ దించి, తనూ అటు తిరిగింది.