నాలా బస్తీ నీళ్ళ రిపోర్టు

తొంభై అయిదు సెప్టెంబరు ఆఖర్లో, ఒక మధ్యాహ్నం, తులసమ్మ పత్రికాఫీసు మెట్లెక్కి వచ్చింది. సుపేలా మార్కెట్లో చెప్పుల దుకాణం పైన రెండు గదుల ఆఫీసు అది. భిలాయ్, దుర్గ్ వార్తలు వేసే చిన్న హిందీ దినపత్రిక. మనోజ్‌కుమార్ అందులో ఆరేళ్ళుగా విలేకరి. అతని తండ్రి ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యాడు. సొంతవూరు పాలకొండ వైపు. మనోజ్ మాత్రం రిసాలి క్వార్టర్లలో పుట్టి పెరిగాడు. తెలుగు మాట్లాడతాడు గానీ రాయడం హిందీలోనే వచ్చు.

వచ్చినావిడకి అరవయ్యేళ్ళుంటాయి. కొంగు ముడి విప్పి, మడతలు పెట్టిన పేపరు ముక్క తీసి అతని బల్ల మీద పరిచింది.

"ఇది రాసినోడివి నువ్వేనేటి బావూ?"

జులై ఇరవై రెండు నాటి వార్త. 'నాలా బస్తీ నీరు సురక్షితం: ల్యాబ్ పరీక్షలో వెల్లడి.' కింద అతని పేరుంది.

"నేనేనమ్మా."

"మా బలరాం సదివి వినిపించాడు. నీళ్ళు మంచియేనని పేపర్లో ఏసినారు, ఇంక కాసక్కర్లేదే అమ్మా అన్నాడు. నానూ అలగే అనుకున్నాను. కోడలికి ఏడో నెల. భాగ్యరేఖ దాని పేరు. పచ్చకామెర్లొచ్చి పన్నెండ్రోజులకి పోనాది. కడుపులో పిల్ల కూడా."

ఆవిడ ఏడవలేదు. పేపరు ముక్క చివర్లు వేలితో సాపు చేసుకుంటూ చెప్పింది. "ఆ పరీచ్చ కాయితం నీకాడ ఉంటాది గదా. ఓపాలి తీసి సదువు. మంచి నీళ్ళేనని ఉంటే, దాని రాతనుకుని ఊరుకుంటాను."

మనోజ్ దగ్గర ఆ కాగితం లేదు. అతనెప్పుడూ చూడలేదు కూడా. తొలి వానలతోనే నాలా బస్తీలో ఇంటికొకరు చొప్పున కామెర్లతో పడుకున్నారు. జనం వెళ్ళి నీటి సరఫరా ఆఫీసు ముందు కూర్చున్నారు. ఆ సాయంత్రమే ఆఫీసు నుంచి ప్రెస్‌నోట్ వచ్చింది. నీటి నమూనాలు రాయ్‌పూర్ ల్యాబ్‌కి పంపామనీ, దోషమేమీ లేదని తేలిందనీ అందులో ఉంది. అప్పటికి ఆరు దాటింది. అతను రెండు మాటలు అటూ ఇటూ మార్చి, తన పేరు పెట్టి కంపోజింగ్‌కి ఇచ్చేశాడు. అంతే అతను చేసిన పని.

"రేపు తెచ్చి చదువుతానమ్మా" అన్నాడు.

మర్నాడు నీటి సరఫరా ఆఫీసుకి వెళ్ళాడు. ఆ ఆఫీసులో పెద్ద ఇంజనీరు తెలుగాయనే, రామచంద్రరావు. నెహ్రూ నగర్‌లో మేడ ఉంది. మనోజ్ సొంతవూరు పేరు వినగానే కుర్చీ చూపించి టీ తెప్పించాడు.

"పాలకొండా మీది? మాది రాజమండ్రి. ఇంత దూరం వచ్చాక మనమంతా ఒకటేనోయ్" అన్నాడు. రిపోర్టు మాట ఎత్తేసరికి కప్పు కింద పెట్టాడు. "అది రహస్యం. బయటివాళ్ళకి ఇవ్వకూడదు."

"లేకిన్ సార్, ప్రెస్‌నోట్‌లో మీరే రాశారు కదా, రిపోర్టులో ఇలా ఉందని."

"ప్రెస్‌నోట్ వేరు, రిపోర్టు వేరు. నీకు కావాల్సింది వార్త. వార్త ఇచ్చాం. ఇంకేమిటి?"

అర్జీ పెట్టమన్నాడు. మనోజ్ పెట్టాడు. వారం తర్వాత వెళితే, మూడు ప్రతులు కావాలన్నారు. మూడు ఇస్తే, ఎందుకు కావాలో కారణం రాయమన్నారు. 'తాగేవాళ్ళకి తెలియాలి కాబట్టి' అని రాస్తే, అది కారణం కిందికి రాదని ఎర్ర సిరాతో రాసి తిప్పి పంపారు. నవంబరులో రహస్యాల చట్టం పేరు చెప్పి భయపెట్టారు. డిసెంబరులో ఫైలు రాజధాని భోపాల్ వెళ్ళిందన్నారు. భోపాల్‌కి రాస్తే, ఫైలు మీ ఊళ్ళోనే ఉందని రెండు నెలలకి జవాబొచ్చింది.

ఆ ఆఫీసు వరండాలో ఒక బల్ల ఉండేది. గోడంతా నడుం ఎత్తు దాకా పాన్ ఉమ్ములు. పాతవి నల్లబడి, కొత్తవి ఇంకా కారుతూ ఉండేవి. మూత్రశాల తలుపు మూసుకునేది కాదు. మనోజ్ వారానికి రెండుసార్లు వచ్చి ఆ బల్ల మీద చొక్కా గోడకి ఆనకుండా ముందుకు వంగి కూర్చునేవాడు. లోపల్నుంచి నవ్వులు వినిపించేవి. గంటన్నర కూర్చోబెట్టి, సాబ్ సైట్‌కి వెళ్ళారని చెప్పేవారు. సాబ్ దగ్గు లోపల్నుంచి వినబడుతూనే ఉండేది. ఇంటికి వెళ్ళి స్నానం చేసినా ఆ వాసన ముక్కులోంచి పోయేది కాదు.

జనవరిలో ఒక పోలీసు రిసాలి వెళ్ళి అతని తండ్రిని అడిగాడట, మీ అబ్బాయికి ఏ పార్టీతో సంబంధాలున్నాయని. ఆ సాయంత్రం తండ్రి అన్నాడు: "ముప్పై రెండేళ్ళు పని చేసినాన్రా ఇక్కడ. ఒక్కనాడు పోలీసోడు గుమ్మం తొక్కనేదు. ఏటి సేత్తన్నావు నువ్వు?"

"ఒక కాగితం అడిగాను నాన్నా."

"కాయితానికి పోలీసెందుకొచ్చాడు మరి?"



తులసమ్మ నెలకోసారి వచ్చేది. ఏమీ అడగకుండా మెట్ల దగ్గర నిలబడి అతని ముఖం చూసేది. అతను తల అడ్డంగా ఊపగానే దిగి వెళ్ళిపోయేది. ఆవిడ అరిచి తిట్టినా బాగుండుననిపించేది మనోజ్‌కి.

ఏప్రిల్లో భోపాల్ నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. ఫైలు చూపించడానికి అభ్యంతరం లేదని. ఆ ఉత్తరం పట్టుకుని వెళితే, గుమాస్తా ఒక లావుపాటి ఫైలు తెచ్చి, "ఇక్కడే కూర్చుని చూడండి, రాసుకోకూడదు" అని ముందు పడేశాడు.

మనోజ్ తాడు విప్పాడు. అడుగున ప్రెస్‌నోట్ ఉంది. దాని మీద అతని మొదటి అర్జీ, దాని మూడు ప్రతులు, తర్వాతి అర్జీ. ప్రతి దాని పక్కనా నోట్లు: 'అర్జీదారు నడవడి విచారించవలెను', 'తగిన సమయంలో పరిశీలించవచ్చు', 'చూచితిని'. ఆఖరి కాగితం దాకా తిరగేశాడు. ఏడు నెలల్లో లావెక్కిన ఫైలంతా అతని అర్జీలే. ల్యాబ్ రిపోర్టు అందులో లేదు.

ఉమ్మేద్దామనిపించేంత అసహ్యం వేసింది. అక్కడ ఉమ్మితే తానూ వాళ్ళలో ఒకడవుతాడు. మింగేసి లేచాడు.

గుమ్మం పక్కన చిన్న బల్ల దగ్గర ఛాయ అనే గుమాస్తా కూర్చుంటుంది. మరాఠీ ఆవిడ, రిటైర్మెంటుకి దగ్గర పడింది. వచ్చే ఉత్తరాలకీ పోయే ఉత్తరాలకీ నంబర్లు వేయడం ఆవిడ పని. ఇన్నాళ్ళుగా మనోజ్ ఆవిడ ముందు నుంచే నడిచి వెళ్ళాడు. ఆ రోజు ఆగాడు.

"దీదీ, రాయ్‌పూర్ ల్యాబ్ నుంచి పోయిన జులైలో ఏమైనా వచ్చిందా?"

ఆవిడ కళ్ళజోడు సవరించుకుని రిజిస్టరు తెరిచి, జులై పేజీలు అతని వైపు తిప్పింది. ల్యాబ్ పేరు లేదు. ఆగస్టు పేజీలూ తిప్పింది. లేదు. అప్పుడు అడక్కుండానే రెండోది, పంపినవాటి రిజిస్టరు, తెరిచింది. ల్యాబ్‌కి ఇక్కడి నుంచి వెళ్ళింది కూడా ఏమీ లేదు.

"వెళితేగా రావడానికి" అంది ఛాయ హిందీలో, చాలా మామూలుగా. "నమూనాలు ఆ బీరువాలో ఉన్నాయి. ఆరు సీసాలు తెచ్చారు. అయిదే ఉంటాయి. ఆరోదాంట్లో సాబ్ మనీప్లాంటు పెట్టుకున్నారు, కిటికీలో."

బీరువా తలుపు ఓరగా ఉంది. మనోజ్ లాగాడు. పాత క్యాలెండర్ల వెనక అయిదు సీసాలు. మూతల మీద లక్క ముద్రలు చెక్కు చెదరలేదు. 'నాలా బస్తీ, కుళాయి, 18-7-95.' లోపలి నీళ్ళు ఆకుపచ్చగా మారి, అడుగున చీమిడి లాంటిదేదో పేరుకుంది.

"నాకు ఇన్నాళ్ళూ చెప్పలేదేం దీదీ?"

"మీరు అడగలేదు. పెద్ద గదిలోకే వెళ్ళేవారు."

మనోజ్ పెద్ద గదిలోకే వెళ్ళాడు, చెప్పకుండా తలుపు తోసుకుని. కిటికీలో సీసా ఉంది. దాంట్లోంచి తీగ ఊచలకి పాకి, ఆకులు నిగనిగలాడుతున్నాయి.

"సార్, నీళ్ళు అసలు పరీక్షకే వెళ్ళలేదు."

రామచంద్రరావు అతన్నీ, కిటికీనీ చూశాడు. కోపం తెచ్చుకోలేదు. ఓపిగ్గా, చిన్నవాడికి చెప్పినట్టు చెప్పాడు.

"మరి లేని రిపోర్టు ఎలా ఇమ్మంటావు చెప్పు. లేదంటే నాకు ఛార్జిషీటు. రహస్యం అంటే నాలుగుసార్లు తిరిగి ఎవరైనా మానేస్తారు. నువ్వు మానలేదు, అది నీ తప్పు."

"దోషం లేదని ప్రెస్‌నోట్ ఎందుకు ఇచ్చారు?"

"బయట జనం కూర్చున్నారు. పైనుంచి ఫోన్లు. ఏదో ఒకటి ఇవ్వాలిగా. అయినా నన్ను అంటావేమిటోయ్, రిపోర్టు కాపీ ఏదీ అని ఆ రోజు నువ్వు అడిగావా?"

తర్వాత చాలా రోజులు మనోజ్‌కి నిద్రలోనూ ఆ మాటే వినిపించేది. ఆ మనిషి అన్నవాటిలో అదొక్కటే నిజం.

ఎడిటర్ వార్త వేయనన్నాడు. రుజువేదీ అన్నాడు. మర్నాడు కెమెరాతో వెళ్ళేసరికి బీరువా ఖాళీగా, తుడిచి ఉంది. రిజిస్టర్లు తనిఖీకి వెళ్ళాయన్నారు. ఛాయ బల్ల దగ్గర వేరే మనిషి కూర్చున్నాడు. ఆవిడని వేరే ఊరికి బదిలీ చేశారు.

ఆ సాయంత్రం మనోజ్ నాలా బస్తీ వెళ్ళాడు. తులసమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. కొడుకు బలరాం, కాంట్రాక్టర్ దగ్గర ఫిట్టరు, అప్పుడే డ్యూటీ నుంచి వచ్చాడు. మనోజ్ నిలబడే అంతా చెప్పాడు. రిపోర్టు లేదనీ, ఎప్పుడూ లేదనీ, తాను చూడకుండానే రాశాననీ.

తులసమ్మ చేతులు ఆగిపోయాయి.

"పరీచ్చే సెయ్యనేదా?" అంది.

"లేదమ్మా."

"మరి ఆ నీళ్ళలో ఏటున్నాదో ఎవులికీ తెల్దా?"

బలరాం ముందుకొచ్చాడు. "గొట్టం ఎటు నుంచొస్తందో నాకు తెల్సు భయ్యా. సూస్తే సరి" అన్నాడు.

ఆదివారం పొద్దున్న బలరాం, ఇంకో పదిమంది గునపాలూ పారలూ పట్టుకుని నాలా గట్టు మీదికి వెళ్ళారు. వెనక బస్తీ అంతా వచ్చింది. కాలవలోకి దిగి రెండడుగులు తవ్వగానే కంపు లేచింది. బస్తీ మొత్తానికి నీళ్ళు తెచ్చే గొట్టం, మురుగు కాలవ అడుగునే, మురుగులో మునిగి పడుకుని ఉంది. రెండు గొట్టాలు కలిసే చోట సైకిలు ట్యూబు చుట్టి తీగతో కట్టారు. కట్టు వదులైపోయింది. బలరాం చేత్తో నొక్కితే నల్లటి బురద లోపలికి పోతోంది. అతను ఆ చెయ్యి పైకెత్తి, ఎక్కడ తుడుచుకోవాలో తెలియనట్టు పట్టుకునే ఉండిపోయాడు. వెనకెవరో ఆడమనిషి వాంతి చేసుకుంది. తులసమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. భాగ్యరేఖ పోయాక ఆవిడ ఏడవడం చూడటం అదే మొదటిసారని పక్కింటివాళ్ళు చెప్పారు.

మధ్యాహ్నానికి జీపులో పోలీసులొచ్చారు. ప్రభుత్వ ఆస్తి ధ్వంసం చేశారని నీటి సరఫరా ఆఫీసు వాళ్ళు ఫిర్యాదు ఇచ్చారు. ఆదివారమైనా ఆఫీసు తెరిచి, టైపు చేయించి, ముద్ర వేసి, సంతకంతో పంపారు. ఒక్క కాగితానికి ఏడు నెలలు తిప్పిన ఆఫీసే అది. బలరాంనీ ఇంకో నలుగురినీ జీపెక్కించారు.

మనోజ్ స్టేషన్‌కి వెళ్ళాడు. పేపర్లో గట్టిగా వేయండి, మిగతా బస్తీలవాళ్ళకి భయం ఉంటుందని ఎస్సై తానే ఫిర్యాదు నకలూ, పంచనామా నకలూ చేతికిచ్చాడు. అడగనైనా అడగకుండా.

స్టేషన్ వరండాలోనే మనోజ్ పంచనామా చదివాడు. నష్టం ఎంతో చూపించాలని ఆఫీసు మనిషి దగ్గరుండి వివరంగా రాయించాడు. 'మురుగు కాలవ అడుగున రెండడుగుల లోతున అమర్చియున్న తాగునీటి గొట్టము, రబ్బరు ట్యూబు చుట్టిన అతుకు వద్ద నిందితులచే కదిలించబడినది.' కింద ఇంజనీరు సంతకం, ఆఫీసు ముద్ర.

అతను మళ్ళీ మళ్ళీ చదువుకున్నాడు. సంతోషం వేయలేదు. ఆ వాక్యం రాసిన మనిషికి గానీ, రాయించిన వాడికి గానీ, సంతకం పెట్టిన వాడికి గానీ అందులో తప్పేమీ కనపడలేదు. మనుషులు ఆ నీళ్ళు తాగుతారన్న సంగతే వాళ్ళకి తట్టలేదు.

ఈసారి ఎడిటర్ కాదనలేకపోయాడు. పంచనామా ఉన్నదున్నట్టు అచ్చయింది. పక్కనే, జులై వార్త రిపోర్టు చూడకుండా రాసినందుకు క్షమించమని మనోజ్ పేరుతో నాలుగు వాక్యాలు. ఎడిటర్ వాటిని కొట్టేస్తే, మనోజ్ ప్రెస్సు దగ్గర నిలబడి మళ్ళీ పెట్టించాడు.

నెల తిరక్కుండా కొత్త గొట్టం వేశారు, కాలవకి దూరంగా, గట్టు పైనుంచి. రామచంద్రరావుకి బదిలీ అయింది, ఇంకా పెద్ద ఊరికి. బలరాం వాళ్ళు బెయిలు మీద బయటికొచ్చారు. కేసు మాత్రం ఎత్తేయలేదు. వాయిదా ఉన్నప్పుడల్లా డ్యూటీ మానుకుని దుర్గ్ కోర్టుకి తిరుగుతున్నారు. సాక్షిగా మనోజ్ కూడా వెళుతున్నాడు.

కొత్త కుళాయి తిప్పిన రోజు అధికారులు దండలతో వచ్చారు. ప్రెస్‌నోట్ పంచారు. మనోజ్ తీసుకోలేదు. తులసమ్మ బిందె పట్టి, నీళ్ళు నిండేదాకా కళ్ళార్పకుండా చూసి, ఎత్తుకుని అతని పక్కనుంచి వెళుతూ ఆగింది.

"ఏటి రాస్తావు బావూ ఇయ్యాళ?"

"గొట్టం వేశారని రాస్తానమ్మా. అంతే."

"అలగే రాయి" అంది తులసమ్మ. "ఇయ్యి కాసుకునే తాగుతాం మేము."