కాశీలో వదిలేసిన పెండలం

కాశీ వెళ్ళినవాళ్ళు ఒక కాయ, ఒక పండు అక్కడ వదిలేసి రావాలి. ఆ తర్వాత బతికున్నంతకాలం వాటిని ముట్టకూడదు. మా కోనసీమ వాళ్ళు తెలివైనవాళ్ళు, నూటికి తొంభై మంది కాకరకాయే వదిలేసి వస్తారు. మేము బయల్దేరేముందు మా తోటికోడలు నాకూ అదే సలహా ఇచ్చింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని కసిరాను. గంగలో నడుంలోతు నీళ్ళలో నిలబడి నేను పెండలం దుంప వదిలేశాను. పక్కనే నిలబడ్డ మా ఆయన గంగరాజు కూడా పెండలమే అన్నాడు. మా పిల్ల లక్ష్మిప్రసన్న అస్థికలు అప్పుడే కలిపాం. దానికి పదకొండేళ్ళు.

పెండలమంటే దానికి ప్రాణం. ఉడకబెట్టి, బెల్లం, కొబ్బరికోరు కలిపి పెడితే గిన్నె కూడా నాకేది. అది తినలేనిది నేనెందుకు తినాలి? పూజలు నాకు చేతకావు, దేవుడితో మాటలు ఎప్పుడో మానేశాను. పిల్ల కోసం చెయ్యడానికి నాకు మిగిలింది ఆ ఒక్క మాట నిలబెట్టుకోవడమే. ఆరేళ్ళుగా అది పట్టుకునే బతుకుతున్నాను.

బహ్రెయిన్ వచ్చి నాలుగేళ్ళయింది. హూరాలో ఒక మేడమ్ ఫ్లాట్‌లో ఇల్లు తుడవడం, బట్టలు, అంట్లు నా పని. వంట పని ఫిలిప్పీన్స్ పిల్ల మారిసెల్‌ది. మా ఇద్దరికీ ఒకటే గది. నన్ను ఆతె అంటుంది, అంటే వాళ్ళ భాషలో అక్క. కాస్త హిందీ, కాస్త అరబ్బీ, మిగిలింది చేతులూ మొహమూ కలిపి మాట్లాడుకుంటాం. తన ఇద్దరు కొడుకుల కబుర్లు రోజూ చెబుతుంది. నీకు పిల్లలా అని మొదట్లో అడిగితే లేరన్నాను. అబద్ధం కాదు కదా.

శుక్రవారం మధ్యాహ్నం మేడమ్ పుట్టింటికి వెళ్తుంది. అప్పుడు మారిసెల్ ఊబె అని వాళ్ళ దేశం తీపి వండేది. మనామాలో వాళ్ళ దేశం సరుకులమ్మే దుకాణంలో గడ్డకట్టిన పొట్లాలు దొరుకుతాయి. పొట్లంలోది బాగా నలిపిన ముద్ద, రంగేమో నేరేడుపండు రంగు. దాన్ని డబ్బాపాలు, వెన్న, చక్కెర పోసి గంటసేపు కలపాలి. కలిపే పని నాది. చెయ్యి నొప్పెడుతుంటే, మీ దేశంలో పాలకోవాకి రంగు పూసుకుంటారా అని వేళాకోళం చేసేదాన్ని.

ఒకోసారి దాన్ని ఐసు తురుము మీద పెట్టి, పాలు పోసి, బీన్సు గింజలూ పనస ముక్కలూ జెల్లీ ముక్కలూ అన్నీ కలిపి గ్లాసుతో ఇచ్చేది. పెళ్ళి వంటల్లో మిగిలినవన్నీ ఒకే గ్లాసులో పోసినట్టుందని నవ్వాను. నవ్వుతూనే గ్లాసు ఖాళీ చేశాను. ఎందుకో తెలియదు, ఆ ఊబె నోట్లో పెట్టుకుంటే ప్రాణం లేచొచ్చేది. సిగ్గులేకుండా చెబుతున్నాను, వారం మొత్తంలో ఆ అరగంటే నా పిల్ల నాకు గుర్తొచ్చేది కాదు. మూడేళ్ళు శుక్రవారం కోసం ఎదురుచూశాను.

మొన్న శుక్రవారం పొట్లాలు దొరకలేదని మారిసెల్ పచ్చి దుంప తెచ్చింది. చెక్కు తియ్యమని నా చేతికిచ్చింది.

గరుకు చెక్కు, దాన్నిండా పీచువేళ్ళు, సందుల్లో మట్టి. కత్తి పెట్టగానే జిగురు కారింది. రెండు నిమిషాల్లో మణికట్టు దాకా దురద. ఆ దురద నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది, పుట్టి బుద్ధెరిగాక ఎన్ని చెక్కు తీశాను. లోపల మాత్రం మా ఊరిదానిలా తెల్లగా లేదు, నేరేడు రంగులో ఉంది. ఇదేంటని అడిగాను. ఊబె ఇదే కదా ఆతె, భూమిలో పండుతుంది అంది మారిసెల్.

కత్తి అక్కడే పడేసి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. మూడేళ్ళలో ఎన్ని శుక్రవారాలు, ఎన్ని గ్లాసులు. పిల్ల పేరు మీద వదిలేసినదాన్నే గిన్నె నాకి మరీ తిన్నాను. తింటూ పిల్లనే మర్చిపోయాను. నాలాంటి తల్లి ఉంటుందా?

గంగరాజుకి ఫోన్ చేశాను. మా ఊళ్ళో చేపల చెరువు దగ్గర కాపలా ఉంటాడు.

"ఏంటే నరసా, ఈ ఏళప్పుడు చేసావ్? ఒంట్లో బాలేదా?"

"పెండలం తిన్నానయ్యా. మూడేళ్ళ నుంచీ తింటన్నాను. రంగు వేరే ఉంటే పోల్చుకోలేదు. ఇయ్యాలే తెలిసింది."

తిడతాడనుకున్నాను. తిట్టించుకోవాలనే చేశాను.

"నేనూ తింటన్నానే," అన్నాడు. "తెలిసే తింటన్నాను. యేటా దాని పుట్టినరోజుకి తవ్వుకొచ్చి, ఉడకేసి, బెల్లం కలిపి ఫొటో కాడ పెడతాను. సాయంత్రందాకా ఉంచి నేనే తినేత్తాను. నువ్వు గొడవ చేత్తావని చెప్పలేదు."

ఇన్నేళ్ళూ తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని కూర్చున్నాడు. ఒళ్ళు మండింది.

"గంగలో నిలబడి మాటిచ్చావు కదయ్యా."

"గంగకిచ్చాను. పిల్లకి ఇంకో మాటిచ్చాం కదే, ఆసుపత్రిలో."

పిల్లకి జ్వరం వచ్చిన అయిదో రోజు, నోరు చేదుగా ఉందమ్మా, పెండలం ఉడకబెట్టి పెట్టవా అని అడిగింది. నోటికి ఏమీ పెట్టొద్దన్నాడు డాక్టరు. ఇంటికెళ్ళగానే పెడతామని ఇద్దరం చెప్పాం. సరేనని అటు తిరిగి పడుకుంది. తెల్లారేసరికి పోయింది. పెండలం చూస్తే ఆ మాట గుర్తొస్తుందని భయపడే నేను కాశీలో వదిలేశాను. భక్తి కాదు, పిల్ల మీద ప్రేమ కూడా కాదు, ఉత్త పిరికితనం. అది గంగరాజుకి తెలుసు. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా అనలేదు.

"ఏడవకే," అన్నాడు. తనూ ఏడుస్తున్నాడు.

బయటికి వచ్చేసరికి మారిసెల్ ఒక్కతే చెక్కు తీసి, ఉడకబెట్టి, మెత్తగా చిదుముతోంది. చేతులు ఎర్రగా కందిపోయాయి. పాలడబ్బా తెరవబోతుంటే ఆపాను. ఒక ముద్ద విడిగా తీసి, అరబ్బీ కొట్లో బెల్లం ఎక్కడ దొరుకుతుంది, డబ్బాలో ఉన్న ఎర్ర చక్కెరే కలిపాను. కొబ్బరిపొడి చల్లాను.

గదిలో మంచం మీద ఫోను గోడకి ఆనించి పిల్ల ఫొటో తెరిచాను. బళ్ళో తీసింది, రెండు జడలు, రిబ్బన్లు. ఎవరు ఆతె, అంది మారిసెల్ గుమ్మంలో నిలబడి.

"నా కూతురు. ప్రసన్న."

మారిసెల్ వచ్చి నా పక్కన కింద కూర్చుంది.

గిన్నె ఫొటో ముందు పెట్టాను. ఫోను తెర మాటిమాటికీ ఆరిపోతుంటే వేలితో తాకుతూ కూర్చున్నాను. తినమ్మా, అన్నాను. వేడి తగ్గేదాకా చూశాను, పిచ్చిదాన్ని కదా, తింటుందేమోనని. తర్వాత నేనే తిన్నాను.