బొగ్గు దుమ్ము కడిగిన టమాటలు

వీరేందర్ గంపెడు దోరకాయలు జలాలుద్దీన్ షెడ్డులో దింపి వచ్చినప్పటి నుంచి అతని తల్లి యమునకు ముద్ద దిగడం లేదు. టమాట కొని దూరం పంపే జలాలుద్దీన్‌ది ఒకటే పద్ధతి. ముందు ఒక గంప తన దగ్గర మాగబెట్టి చూస్తాడు. ఎర్రబడ్డాక కూడా కాయ గట్టిగా నిలిస్తేనే తోట బేరం. ఆ బేరం కుదరకపోతే బొగ్గుబాయిలో కాంట్రాక్టు పనికి దిగుతానని కొడుకు తేల్చి చెప్పాడు.

అదే బాయిలో పనిచేసిన భర్త సదయ్య పింఛనుకు వచ్చేదాకా ప్రతి షిఫ్టుకూ, సైకిల్ చప్పుడు వినపడేదాకా, గుమ్మంలో నిలబడిన మనిషి ఆమె. మళ్లీ కొడుకు కోసం అలా నిలబడే ఓపిక ఇక లేదు.

కబురు రాగానే ఇద్దరూ షెడ్డుకు వెళ్లారు. కాయలు పగిలి, గంప కింద నీళ్లు కారుతున్నాయి.

“ఏంది వీరేందర్, టమాటలు తెమ్మంటే నీళ్ల ప్యాకెట్లు తెచ్చినవ్?” అన్నాడు జలాలుద్దీన్.

“విత్తనమే దగా చేసింది కాకా. ఇగ బాయి డ్యూటీల చేరుడే.”

తప్పు విత్తనం మీదికి పోతే యమునకు తిట్లు తప్పుతాయి. కానీ కొడుకు బాయిలోకి పోతాడు.

“విత్తనం కాదు బిడ్డా, నేనే నీళ్లు పారిచ్చిన. నువ్వు పెద్దపల్లి పోయినప్పుడల్లా.”

“కోతకు ముంగట నీళ్లు బంద్ అని చెప్తి గదనే అవ్వా!”

“బొగ్గు లారీల దుమ్ము కొట్టి కాయలన్నీ నల్లగైనయిరా. గసొంటియి ఎవ్వలు కొంటరని పైపు పెట్టి కడిగిన. ఎండకు చెట్లు మాడిపోతయేమోనని ఇంకింత పెట్టిన.”

జలాలుద్దీన్ పకపకా నవ్వాడు. “యమునక్కా, పైన దుమ్ము గుడ్డతోని తుడిస్తే పోతుండె. కాయ తాగిన నీళ్లు ఎట్ల తీస్తం? రంగు తిరిగే యాళ్లకు గన్ని నీళ్లు తాగితే తోలు పల్చనైతది, పలుగుతది.” తర్వాత వీరేందర్ వైపు తిరిగాడు. “మోటరు బంద్ పెట్టు. ఎనుక వచ్చే కాపుల నుంచి ఇంకో గంప పట్కరా, చూద్దం.”

తిరుగుదారిలో వీరేందర్ ఆమెకు నాలుగడుగులు ముందే నడిచాడు. తిట్టినా బాగుండుననిపించింది ఆమెకు.

“డ్యూటీ సంగతి ఏమంటవు కొడుకా?”

“ముందు రెండో గంప నిలవనియ్యి.”

మరునాడు మిట్టమధ్యాహ్నం నీళ్లు లేక తోటలో ఆకులన్నీ వాలిపోయాయి. లారీ పోయినప్పుడల్లా దుమ్ము లేచి వాటి మీదే పడుతోంది.

“చస్తయేమోరా...”

“పొద్దుగూకితే లేస్తయి. నువ్వు ఇంటికి పోవే అవ్వా.”

యమున ఇంటికి పోలేదు. మళ్లీ పైపు అందుకోకుండా గట్టు మీద, తోటకు వీపు పెట్టి కూర్చుంది.